మారి చనిపోవడమా, మారి బతకడమా? రెండు టీనేజ్ నవలల్లో ఏది మేలు

ఇంటర్ చదివే మా మేనకోడలికి పుట్టినరోజుకి నవల కొందామని అడిగితే, తప్పు చేసినవాళ్లు మారే కథ కావాలంది. నాకు రెండు తోచాయి. లారెన్ ఆలివర్ 2010లో రాసిన 'బిఫోర్ ఐ ఫాల్' ఒకటి, బెన్ మైకెల్సన్ 2001లో రాసిన 'టచింగ్ స్పిరిట్ బేర్' ఇంకోటి. రెండూ అమెరికా పిల్లల కథలే. చివరికి రెండోదే కొన్నాను. ఎందుకో చెప్పాలంటే ముగింపులు చెప్పక తప్పదు, ముందే తెలియడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగండి.

మొదటి దాంట్లో సామ్ స్కూల్లో అందరూ వెనకాల తిరిగే నలుగురమ్మాయిల గ్యాంగులో ఒకతె. ఫిబ్రవరి 12 శుక్రవారం రాత్రి పార్టీ నుంచి వస్తుంటే కారు ప్రమాదం. తెల్లారితే మళ్లీ అదే శుక్రవారం, అలా ఏడుసార్లు. తాము ఏళ్ల తరబడి ఏడిపించిన జూలియట్ ఆ రాత్రే ప్రాణం తీసుకోబోతోందని సామ్‌కి మెల్లగా తెలుస్తుంది. ఏడోసారి ఆమెను రోడ్డు మీంచి పక్కకు నెట్టేసి తను పోతుంది.

ఒక విషయంలో ఈ నవలే ముందుంది, అది ఒప్పుకోవాలి. సామ్ ఎవరినీ కొట్టలేదు. గ్యాంగు లీడర్ లిండ్సే ఎవరికో పేరు పెడితే నవ్వింది, అంతే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా క్లాసులో నత్తి ఉన్న ఒకబ్బాయికి పెట్టిన పేరు విని పడీ పడీ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, ఈ పుస్తకం చదివేదాకా అది తప్పని నాకు అనిపించనే లేదు. పైగా సామ్‌లో మార్పు ఒక్కసారిగా రాదు: ఒకరోజు ఎలాగూ రేపు లేదు కదా అని తెగించి అందరి మీదా విరుచుకుపడుతుంది, ఇంకోరోజు స్కూలు మానేసి చెల్లెలు ఇజ్జీతో గడుపుతుంది. ఇవి చాలా నిజంగా ఉంటాయి.

నా బాధంతా ముగింపుతోనే. సామ్‌కి శనివారం రాదు. తను మారానని చెప్తే ఎవరూ నమ్మని క్లాసులోకి నడిచి వెళ్లక్కర్లేదు, జూలియట్ ముఖం చూసి క్షమాపణ అడిగి, ఆమె వద్దంటే వెనక్కి రానక్కర్లేదు. శనివారం జూలియట్‌కే వస్తుంది, అదీ తన వల్ల ఒకరు చనిపోయారన్న బరువుతో.

రెండో దాంట్లో మినియాపోలిస్‌కి చెందిన పదిహేనేళ్ల కోల్ ఒక హార్డ్‌వేర్ షాపు దోచుకుంటాడు. ఆ సంగతి పోలీసులకు చెప్పాడని పీటర్ అనే పిల్లాడి తలను ఫుట్‌పాత్‌కేసి కొడతాడు. పీటర్‌కి మాట తడబడుతుంది, నడక కుదరదు. జైలు తప్పించుకోవడానికి కోల్ 'సర్కిల్ జస్టిస్'కి ఒప్పుకుంటాడు. ఇది కల్పన కాదు, కెనడాలోని యూకాన్‌లో, అమెరికాలోని మిన్నెసోటాలో 1990ల నుంచి నడిచిన పద్ధతే. దెబ్బ తిన్నవాళ్లు, కొట్టినవాడు, రెండు కుటుంబాలు, ఊరివాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. నవలలో ఒక ఈక చేతులు మారుతుంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. కోల్‌ని ఏడాది పాటు అలాస్కా దగ్గర ఒక దీవిలో ఒంటరిగా ఉండమంటారు.

వెళ్లిన మొదటి రోజే వాడు తనకోసం కట్టిన గుడిసెని తగలబెడతాడు. తెల్ల ఎలుగును చంపబోయి, అది చీల్చేస్తే చావుబతుకుల్లో పడతాడు. చాలామంది రచయితలైతే అక్కడే వాణ్ణి మార్చేసి కథ ముగించేవాళ్లు. ఇక్కడ వాడు ఆరునెలలు ఆసుపత్రిలో ఉండి మళ్లీ అదే దీవికొచ్చి, తన గుడిసె తనే కట్టుకుని, రోజూ పొద్దున్నే చల్లటి నీళ్లలో మునిగి, ఒక బండరాయిని గుట్ట మీదికి మోసుకెళ్లి దొర్లించి, మర్నాడు మళ్లీ అదే పని చేస్తాడు.

ఈలోగా అక్కడ పీటర్ ఆత్మహత్యకు ప్రయత్నిస్తాడు. నాకు ఈ నవల నచ్చడానికి అసలు కారణం ఇదే: ఒకడు మారినంత మాత్రాన అవతలివాడి గాయం మానిపోదు. పీటర్‌ని ఆ దీవికే తీసుకొస్తారు. వాడు భయపడతాడు, కోల్‌ని కొడతాడు, తంతాడు, కోల్ తిరిగి చెయ్యెత్తడు. జూలియట్‌కి దొరకని అవకాశం పీటర్‌కి దొరికింది.

అజామిళుడి కథ కూడా మనకు సగమే గుర్తుంటుంది. చివరి క్షణంలో 'నారాయణా' అని పిలిచి తరించాడంటాం. భాగవతంలో మాత్రం వాడు బతికి లేచి, పశ్చాత్తాపంతో ఇల్లు విడిచి గంగాతీరానికి వెళ్తాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చావబోయిన పిల్లాణ్ణి కొట్టినవాడి దగ్గరికే తీసుకెళ్లడం, పెద్దవాళ్లు తోడున్నా సరే, నమ్మడం కష్టం. అలాస్కా ఆదివాసులైన ట్లింగిట్ ప్రజల సంస్కృతిని చూపిన తీరుపై అమెరికా ఆదివాసీ విమర్శకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, అది పిల్లలకు చెప్పే చదివించాలి. ఎలుగు దాడి, ఆ తర్వాత కోల్ పచ్చి ఎలుకను తినే ఘట్టం సున్నిత మనసున్నవాళ్లు తట్టుకోలేరు. 'బిఫోర్ ఐ ఫాల్'లో తాగుడూ ఆత్మహత్య ప్రస్తావనా ఎక్కువ, పదో తరగతిలోపు పిల్లలకు నేనైతే ఇవ్వను. దిగులుగా ఉన్న పిల్లలైతే రెండింటిలో ఏదైనా పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదవాలి.

మా మేనకోడలు ప్రస్తుతం ఎలుగు దాడి దగ్గరుంది. 'ఇంక మారిపోతాడు కదత్తా?' అని మెసేజ్ పెట్టింది. పీటర్ వచ్చే భాగం గురించి నేనేమీ చెప్పలేదు.