పిల్లల కీళ్లవాతం: నెల్లూరులోనే చూపించాలా, చెన్నై, వెల్లూరు పోవాలా? ఏది మేలు?

పదహారేళ్లలోపు పిల్లలకు కారణమేదీ తేలకుండా కీలు వాచి, ఆరు వారాలైనా వాపు తగ్గకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. డాక్టర్లు పొట్టిగా జేఐఏ అనేస్తారు. మా అక్క కూతురికి ఈ జబ్బు ఉంది. నెల్లూరు, ఒంగోలు వైపు ఇంకో ఇంట్లో ఈ టెన్షన్ మొదలైనప్పుడు ఎటు పోవాలో తెలియాలని రాస్తున్నాను.

మన దగ్గర పిల్ల పొద్దున లేచి కుంటుతుంటే ముందు పడిందేమో అనుకుంటాం. కనిగిరి వైపైతే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి పోతుంది ఆలోచన. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చేవాళ్లూ ఉన్నారు. విరిగిన ఎముక సంగతి వేరు. కీళ్లవాతంతో వాచిన మోకాలిని కదలకుండా కట్టేస్తే తొడ కండ సన్నబడిపోతుంది, కాలు వంగినచోటే బిగుసుకుపోతుంది. ఈ జబ్బులో ఇది మేలు చేయదు, గట్టిగా చెబుతున్నాను.

మొదటి చూపుకి మాత్రం ఊళ్లోని పిల్లల డాక్టరే మేలు. జ్వరంతో కీలు వేడిగా వాచి, బిడ్డ కాలు నేల మీద పెట్టలేకపోతుంటే అది కీలులో చీము కావచ్చు. చెన్నై అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, ఆరోజే నెల్లూరు పెద్దాసుపత్రికో, ఒంగోలు రిమ్స్‌కో తీసుకెళ్లాలి. అరుదుగా బ్లడ్ క్యాన్సర్ కూడా కీళ్ల నొప్పులతోనే మొదలవుతుంది కాబట్టి రక్తపరీక్షలు వాయిదా వేయొద్దు.

ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ రాగానే "కీళ్లవాతం కాదులే" అని ఊరుకుంటారు. పెద్దవాళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు, జేఐఏ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అది నెగటివే. ఇంకో పొరపాటు, గొంతు ఇన్‌ఫెక్షన్ ఆనవాలు చూపే ఏఎస్‌ఓ రక్తపరీక్షలో అంకె కాస్త ఎక్కువ ఉందని, గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరంగా లెక్కేసి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టడం. రుమాటిక్ జ్వరంలో నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలు పట్టుకుంటుంది, మందుకు త్వరగా తగ్గుతుంది. ఒకే మోకాలు వారాల తరబడి వాచి, పొద్దున్నే బిగుసుకుని, ఆడుకుంటుంటే వదులవుతుంటే పిల్లల రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం చూసే స్పెషలిస్ట్ దగ్గరికి పోవాల్సిందే.

ఎక్కడికి? హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఒంగోలు వాళ్లకు అది వీలు కావచ్చు, నెల్లూరు నుంచి దూరాభారం. వెల్లూరు సీఎంసీలో పిల్లల రుమటాలజీ, కళ్లు, ఫిజియోథెరపీ అన్నీ ఒకే సంస్థ కింద దొరుకుతాయి. జబ్బు ఏ రకమో తేలనప్పుడు, జ్వరం, దద్దుర్లతో వచ్చే సిస్టమిక్ రకం అని అనుమానం ఉన్నప్పుడు నా ఓటు వెల్లూరుకే. కానీ ఇది ఏళ్ల తరబడి తిరగాల్సిన జబ్బు. పొద్దున రైలెక్కి, డాక్టర్‌కు చూపించి, రాత్రికి ఇల్లు చేరగలిగేది చెన్నై నుంచే. అందుకే నెల్లూరు వాళ్లకు పేరు కంటే మూడు నెలలకోసారి మానకుండా పోగలిగే చోటు మేలంటాను. పథకం కార్డు పనికొస్తుందా లేదా అన్నది బయల్దేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి.

పెద్ద డాక్టర్ దొరికాక కూడా సగం పని ఇక్కడే జరుగుతుంది. ఈ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతుంటే రక్తం, లివర్ పరీక్షలు నెల్లూరులో చేయించి రిపోర్టు పంపిస్తే చాలు. ఆ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే ప్రాణానికే ప్రమాదం, ఏ రోజు వేయాలో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

కళ్ల విషయంలోనూ దగ్గరి డాక్టరే నయం. ఈ జబ్బులో కంటి లోపల వాపు రావచ్చు. చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, బిడ్డ ఏమీ చెప్పదు, చూపు మాత్రం పోతుంటుంది. ఒకటి రెండు కీళ్లే వాచిన చిన్నపిల్లలకు, ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. స్లిట్ ల్యాంప్ పరీక్ష మన ఊరి కంటి డాక్టర్ దగ్గరే అవుతుంది, మామూలుగా మూడు నెలలకోసారి. వాపు కనపడితే అప్పుడు చెన్నై శంకర నేత్రాలయ లాంటి చోటికి పోవచ్చు. మెథోట్రెక్సేట్‌కు అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ కలిపితే ఈ కంటి వాపు బాగా అదుపులోకి వస్తుందని బ్రిటన్‌లో చేసిన ట్రయల్ 2017లో తేల్చింది. మన దేశంలో 2014 చివర నుంచి ఈ ఇంజెక్షన్‌కు బయోసిమిలర్, అంటే దాదాపు అలాంటిదే అయిన వేరే కంపెనీ మందు దొరుకుతోంది. చెన్నై నుంచి తెచ్చుకునేటప్పుడు ఐస్ బాక్స్ తప్పనిసరి, ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచాలి కానీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ఇక చదువుకుని తెలుసుకోవాలంటే, తెలుగు వీడియోల్లో చాలావరకు పెద్దల మోకాళ్ల అరుగుదల గురించే ఉంటుంది. నూనెలు, కషాయాలు చెబుతారు, అవి వేరే జబ్బు కోసం. 1996లో మొదలై, ఇటలీలోని జెనోవా కేంద్రంగా పనిచేసే ప్రింటో అనే పరిశోధకుల బృందం ఈ జబ్బుల గురించి తల్లిదండ్రుల కోసమే పేజీలు రాయించింది. ఇంగ్లీషు చదివే బంధువు ఒకరుంటే కూర్చోబెట్టి చదివించుకోండి. తోటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఇంకో రకం సాయం. మాత్ర రోజున వాంతి వస్తుంటే రాత్రి పడుకునే ముందు వేసి చూడొచ్చా అని డాక్టర్‌ను అడగమని మా అక్కకు చెప్పింది ఓ తల్లే. ధైర్యం అక్కడ తీసుకోండి, డోసు మాత్రం తీసుకోవద్దు. వాళ్ల బిడ్డ బరువు వేరు, జబ్బు రకం వేరు.

బడి కోసం సదరం సర్టిఫికెట్ తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. 40 శాతం వైకల్యం ఉంటేనే దాని ప్రయోజనాలు వర్తిస్తాయి, మందులతో అదుపులో ఉన్న బిడ్డకు అంత ఉండదు. ఉండకూడదనే కదా ఇంత తిరిగేది. దాని బదులు డాక్టర్ దగ్గర హెడ్‌మాస్టర్ పేరిట ఉత్తరం రాయించుకోండి. పొద్దున ఆలస్యంగా రావచ్చు, ప్రార్థనలో ఎక్కువసేపు నిలబెట్టొద్దు, వేళ్లు నొప్పిగా ఉన్నరోజు రాతపని తగ్గించండి, నొప్పి లేని రోజు ఆటలు మాత్రం ఆపొద్దు అని అందులో ఉండాలి.