ట్రక్కులో 12 వోల్ట్ ఫ్రిజ్: చల్లగానే ఉంది, కానీ ఆ 'బ్యాటరీ ప్రొటెక్షన్' కథ వినండి

బ్యాటరీ ప్రొటెక్షన్ అని డబ్బా మీద అంత పెద్ద అక్షరాలతో అచ్చేసినవాణ్ణి ఒక్కసారి కలిసి అడగాలని ఉంది, నువ్వు కాపాడేది ఎవరి బ్యాటరీని బాబూ అని. కొన్ని చలికాలాలుగా వాడుతున్నా దీన్ని, ఇంకా వాడుతూనే ఉన్నా, పారేయలేదు, పారేసే ఆలోచన కూడా లేదు. అయినా కోపం మాత్రం పోలేదు.

ఎన్ని లీటర్లు, ఎంత బరువు, యాప్ ఉందా లేదా ఇవన్నీ కొనే ముందు ఎవరైనా చూసుకునేవే, వదిలేస్తున్నా. బ్రాండ్ పేరు కూడా చెప్పను, ఎందుకంటే ఈ ధరలో దొరికే వాటిలో నేను చూసినవాటికి మెనూ, బటన్లు, ఆ బ్యాటరీ ప్రొటెక్షన్‌కి వాడే మూడక్షరాలు అన్నీ ఒకేలా ఉన్నాయి, పైన స్టిక్కర్ మారుతుందంతే.

మేం ఉండేది అరిజోనా, చాండ్లర్‌లో. టకోమా ట్రక్కు, వెనక టాపర్ (తొట్టి మీద బిగించే కప్పు), లోపల నేనే కొట్టిన ప్లైవుడ్ మంచం, దాని పక్కన ఈ ఫ్రిజ్. అక్టోబర్ నుంచి మార్చి దాకా వీలు దొరికిన వీకెండల్లా ఎడారిలోనే, క్వార్ట్‌జైట్ చుట్టూ బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూములు, కోఫా, ఎప్పుడన్నా కాలిఫోర్నియా దాటి మొహావే. ఇంతకుముందు ఐస్ బాక్స్ ఉండేది. రెండో రోజుకి ఐసంతా కరిగి కొత్తిమీర కట్ట ఈత కొడుతుండేది, పాల డబ్బా మూతలోకి ఆ నీళ్ళు పోయేవి, ఇక పెరుగు గురించి చెప్పక్కర్లేదు. ఆవకాయకి, పులిహోరకి ఫ్రిజ్ అక్కర్లేదు నిజమే, మన పెద్దవాళ్ళు ఫ్రిజ్ లేకుండానే కాశీ దాకా పోయొచ్చారు, కానీ మూడో రోజు మధ్యాహ్నం పులవని పెరుగుతో అన్నం తింటే ఆ సుఖం వేరు. ఆ ఒక్కదానికే ఈ ఫ్రిజ్‌కి నేను దండం పెట్టాను, తెలిసినవాళ్ళందరికీ కొనమని చెప్పాను, ఇద్దరు ముగ్గురు కొన్నారు కూడా. అందుకే ఈ సంగతి రాయాల్సిన బాధ్యత నాకుంది.

ఆ మూడక్షరాలు హెచ్, ఎం, ఎల్. బ్యాటరీ వోల్టేజ్ ఒక స్థాయికి పడిపోగానే ఫ్రిజ్ తనంతట తాను ఆగిపోవాలి, ట్రక్కు స్టార్ట్ అయ్యేంత కరెంటు బ్యాటరీలో మిగల్చాలి, అదీ ఐడియా. నా దాని మాన్యువల్ ప్రకారం హెచ్ అంటే 11.1 వోల్టుల దగ్గర ఆగుతుంది, ఎం అంటే 10.1, ఎల్ అంటే 8.5. ఇప్పుడు మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ సంగతి చూడండి, ఫుల్‌గా ఉంటే 12.6 పైన చూపిస్తుంది, 12.2కి వచ్చిందంటే సగం అయిపోయినట్టు, 11.8 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ. మరి 8.5 దగ్గర ఆపేదాన్ని ప్రొటెక్షన్ అని ఏ నోటితో అంటారు? ఇల్లంతా దోచుకుపోయాక తలుపు గడియ పెట్టినట్టు.

మొదట్లో నేను దాన్ని టాపర్ లోపల ఉన్న మామూలు 12 వోల్ట్ సాకెట్‌కే పెట్టాను, హెచ్ మీద. మొదటి రాత్రే ఆగిపోయింది, పొద్దున్నకి పాలు విరిగాయి. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ శుభ్రంగా ఉంది. కారణం ఏంటంటే ఆ సాకెట్‌కి వచ్చే వైరు సన్నం, కంప్రెసర్ తిరిగేటప్పుడు 4, 5 ఆంప్స్ లాగుతుంది, అంత లాగేసరికి దారిలోనే వోల్టు పైనే పోతుంది. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా ఫ్రిజ్‌కి 11.1 కనపడుతుంది, అయ్యో అయిపోయింది అనుకుని ఆగిపోతుంది. కస్టమర్ సర్వీస్‌కి రాస్తే "ఎం మీద పెట్టుకోండి" అని ఒక్క లైను జవాబు వచ్చింది. నేను అలా చెయ్యకుండా బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి 10 గేజ్ వైరు లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ వేసి, హెచ్ మీదే ఉంచాను. ఒక సీజన్ మొత్తం పువ్వుల్లో పెట్టుకున్నట్టు నడిచింది.

ఇక కోఫా. ఇది క్వార్ట్‌జైట్‌కీ యూమాకీ మధ్య ఉన్న వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, కొండగొర్రెల కోసం 1939లో పెట్టారు, కింగ్ ఆఫ్ అరిజోనా అనే పాత బంగారు గని పేరు మీద కోఫా అయింది. 14 రోజుల దాకా డబ్బు కట్టకుండా ఉండొచ్చు, బండి మాత్రం రోడ్డుకి 100 అడుగుల లోపే ఆపాలి. తాగే నీళ్ళు దొరకవు. లోపలికి పోయేకొద్దీ ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఫిబ్రవరిలో నేనూ మా బావమరిదీ వెళ్ళాం, యూఎస్-95 నుంచి తూర్పుకి తిరిగి, గతుకుల రోడ్డు మీద పళ్ళు కదిలిపోయేలా చాలా దూరం లోపలికి పోయి మకాం పెట్టాం. రెండు రాత్రులు, మధ్యలో పగలంతా బండి కదల్చలేదు, నడక, వంట, నిద్ర. నక్షత్రాల గురించి రాయను, అందరూ రాసేదే.

రెండో రాత్రి గడిచాక పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరదామని కీ తిప్పితే టక్ టక్ టక్ టక్, అంతే. డాష్‌బోర్డు లైట్లు ఓసారి వెలిగి ఆరిపోయాయి. బోనెట్ ఎత్తి మీటర్ పెడితే 10.9. వెనక్కి పోయి టాపర్ తలుపు తీస్తే ఫ్రిజ్ గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది, లోపల పెరుగు గడ్డకట్టేంత చల్లగా. ఇంత చచ్చిన బ్యాటరీలోంచి ఇంకా లాగుతూనే ఉంది మహానుభావుడు. స్క్రీన్ మీద చూస్తే ఎం అని ఉంది. నేను పెట్టింది హెచ్.

ఎలా మారిందో ఇంటికొచ్చాక కనిపెట్టాను, కథలో ముందే చెప్పేస్తా. ప్లగ్గు పీకి మళ్ళీ పెడితే ఉష్ణోగ్రత సెట్టింగు గుర్తుంటుంది దీనికి, ప్రొటెక్షన్ సెట్టింగు మాత్రం మర్చిపోయి ఎం మీదకి వచ్చేస్తుంది. చప్పుడు చెయ్యదు, వార్నింగ్ ఇవ్వదు, మాన్యువల్‌లో ఆ ముక్క లేదు. ఆ గతుకుల రోడ్డు మీద ప్లగ్గు ఒక్క క్షణం వదులై మళ్ళీ తగులుకుని ఉంటుంది, అంతే చాలు. నా కోపమంతా ఇక్కడే. 4 డిగ్రీలా 5 డిగ్రీలా అన్నది గుర్తుపెట్టుకుని, మనిషి ఇంటికి చేరతాడా లేదా అన్న సెట్టింగు మర్చిపోయే వస్తువుని ఎవరు డిజైన్ చేశారో.

చచ్చిన బ్యాటరీని లేపే జంప్ ప్యాక్ లేదా అంటారు. ఉంది, బావమరిదిది. ఆయన కారు గ్లవ్ బాక్సులో ఫీనిక్స్ ఎండాకాలం మొత్తం ఉడికిన లిథియం ప్యాక్ అది, క్లిప్పులు పెట్టగానే ఎర్రలైటు ఒక్కసారి మినుకుమని శాశ్వతంగా పడుకుంది.

"బావా, అడ్డంగా పడి నడిస్తే హైవే ఎంతో ఉండదు, పోదామా?" అన్నాడు. నేను కూర్చోమన్నాను. ఒకటి, పది మైళ్ళ పైనే ఉంది. రెండు, అడ్డంగా పడి నడవకూడని చోటు అది, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం అక్కడ ట్రైనింగ్ చేసింది, పేలని గుండ్లు ఇంకా ఉండొచ్చు, కనపడిన ఇనుప ముక్కని ముట్టుకోవద్దు అని హెచ్చరికలు ఉన్నాయి, పక్కనే సైన్యం ఆయుధాలు పరీక్షించే యూమా ప్రూవింగ్ గ్రౌండ్ మరి. మూడోది అసలు కారణం, ఎడారిలో బండి వదలకూడదు. 1996 జులైలో డెత్ వ్యాలీలో నలుగురు జర్మన్ టూరిస్టులు టైర్లు పోయిన వ్యాన్‌ని వదిలేసి నడిచి వెళ్ళారు, వ్యాన్ ఆ అక్టోబర్‌లోనే దొరికింది, వాళ్ళలో పెద్దవాళ్ళిద్దరి ఎముకలు 2009లో గానీ దొరకలేదు. పైనుంచి వెతికేవాళ్ళకి ట్రక్కు కనపడుతుంది, పొదల మధ్య మనిషి కనపడడు. బావమరిది వెంటనే 2024 ఆగస్టు సంగతి ఎత్తాడు, సౌదీలో రబ్ అల్ ఖాలీ ఎడారిలో పెట్రోలు అయిపోయి, ఫోన్ చార్జింగ్ అయిపోయి మన తెలంగాణ కుర్రాడు ఒకడు, తోడున్న సూడాన్ అతనూ చనిపోయారే, వాళ్ళు బండి దగ్గరే ఉన్నారు కదా మరి అని. నిజమే. బండి దగ్గర ఉండటం ఒక్కటే సరిపోదు, నీళ్ళుండాలి, మనం ఎక్కడున్నామో ఇంకొకళ్ళకి తెలియాలి. మాకు నీళ్ళు 10 గ్యాలన్లు మిగిలున్నాయి. మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్ అనేది ఎడారి పార్కుల వాళ్ళు చెప్పే లెక్క, ఆ లెక్కన మాకు భయమే లేదు. పైగా ఫిబ్రవరి, పగలు హాయిగానే ఉంటుంది.

ఎక్కడున్నామో ఇంకొకళ్ళకి చెప్పడానికి ఐఫోన్ శాటిలైట్ మెసేజ్ పనికొచ్చింది. 14 మోడల్ నుంచి ఎమర్జెన్సీకి ఉంది, 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి మామూలు మెసేజ్‌లు కూడా పంపొచ్చు, ఆకాశం తెరిపిగా ఉన్న చోట నిలబడి ఫోన్ అది చూపించిన వైపు తిప్పి పట్టుకోవాలి. మా ఆవిడకి పంపాను: బండి స్టార్ట్ అవట్లేదు, నీళ్ళున్నాయి, బాగానే ఉన్నాం, లొకేషన్ ఇదీ, మధ్యాహ్నం 2 దాకా ఎవరికీ ఫోన్ చెయ్యకు. కాసేపటికి జవాబు: "2 దాటి ఒక్క నిమిషం అయినా షెరీఫ్‌కి చేస్తా. తిన్నారా?" అది చూశాక బావమరిది మొహంలో నెత్తురొచ్చింది.

ఇక అసలు పని. మా దగ్గర మడత పెట్టే 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది, ఫోన్లకీ లైట్లకీ అని తెచ్చుకున్నది, దాని చిన్న కంట్రోలర్‌కి మొసలి క్లిప్పులు ఉన్నాయి. ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, ట్రక్కులో లైటు కూడా వెలగకుండా తలుపులన్నీ వేసేసి, క్లిప్పులు బ్యాటరీకి పెట్టి ప్యానెల్‌ని బోనెట్ మీద ఎండకి ఎదురుగా నిలబెట్టాం. పొద్దుటి ఎండ ఏటవాలు కదా, మొదటి గంట రెండు ఆంప్స్ కూడా రాలేదు. నీడ కదిలినప్పుడల్లా ప్యానెల్ జరపడం, మీటర్ చూడటం, మళ్ళీ జరపడం. 10 గంటలకి ఆత్రం ఆగక కీ తిప్పితే టక్ టక్. ఆ తిప్పడంలో కూడినదాంట్లో కొంచెం పోయింది కూడా, బావమరిది ఏమీ అనలేదు గానీ ఒక చూపు చూశాడు. చల్లటి పెరుగుందిగా అని పెరుగన్నం కలుపుకుని తిన్నాం. 11 తర్వాత ఎండ బాగా ఎక్కాక 5 ఆంప్స్ దాకా వచ్చింది. 12 దాటాక తిప్పితే మూలిగి, ఇంకోసారి మూలిగి, అందుకుంది. హైవే ఎక్కేదాకా ఇంజన్ ఆపలేదు, సిగ్నల్ రాగానే మా ఆవిడకి ఫోన్ చేశాను.

బ్యాటరీకి మొత్తం మీద కూడింది పది పన్నెండు ఆంప్-అవర్లు ఉంటుందేమో, అంత కొంచెంతో స్టార్ట్ అవుతుందని నేను అనుకోలేదు. గట్టి చలి ఉండే చోట అయితే అయ్యేది కాదు. ఫ్రిజ్ సమీక్షలో సోలార్ ప్యానెల్‌ని పొగుడుతున్నానేంటి అనుకోకండి, ఆ రోజు పనిచేసిన వస్తువు అదే.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తేలిన ఇంకో విషయం ఉంది, ఇది ఎక్కడా చెప్పరు. నన్ను అంత విసిగించిన సన్న వైరు నిజానికి నా బ్యాటరీని కాపాడుతోంది. దారిలో వోల్టు పైనే పోవడం వల్ల ఫ్రిజ్ తొందరగా ఆగిపోయేది, బ్యాటరీలో సరుకు మిగిలేది. లావు వైరు వేసేసరికి ఫ్రిజ్‌కి నిజమైన వోల్టేజ్ కనపడి, హెచ్ మీద ఉన్నా సరే 11.1 దాకా తోడేస్తుంది. అంటే సెట్టింగు మారకపోయినా ఆ పొద్దున బండి స్టార్ట్ అయ్యేదని గ్యారంటీ ఏమీ లేదు. చలికాలంలో ఈ ఫ్రిజ్ సగటున గంటకి ఆంప్ పైచిలుకు లాగుతుంది, రోజున్నర కదలకుండా ఉంటే నలభై దాకా, ట్రక్కు బ్యాటరీ మొత్తం కలిపితే అరవై డెబ్భై ఉంటుందేమో. లెక్క మీరే వేసుకోండి. వైరు లావుగా వెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళందరూ, నాతో సహా, సగం మాటే చెబుతున్నాం.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ఫ్రిజ్‌ని ట్రక్కు బ్యాటరీ నుంచి పూర్తిగా తప్పించేశా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పవర్ స్టేషన్ (మోసుకెళ్ళే పెద్ద బ్యాటరీ డబ్బా) ఒకటి కొని దానికి తగిలించా, బండి నడిచేటప్పుడు అది చార్జ్ అవుతుంది, ఆపితే ప్యానెల్. ఇప్పుడు ఎల్ మీద పెట్టినా నష్టం లేదు, పవర్ స్టేషన్ ఖాళీ అయితే పెరుగు పులుస్తుంది, బండి మాత్రం కదులుతుంది. అంత డబ్బు పెట్టలేకపోతే విడిగా లో వోల్టేజ్ డిస్కనెక్ట్ అనే చిన్న డబ్బా దొరుకుతుంది, 30 డాలర్ల లోపే, దాన్ని 12.1 దగ్గర ఆపేలా సెట్ చేసి మధ్యలో పెట్టండి, ఫ్రిజ్ వాడి అక్షరాలు నమ్మకండి. ఒక్కటి, లిథియం పవర్ స్టేషన్‌ని గడ్డకట్టే చలిలో చార్జ్ చెయ్యకూడదు, జనవరి పొద్దున్నల్లో నేను దాన్ని దుప్పటి కింద పెట్టుకుంటున్నా, మా ఆవిడ నవ్వుతుంది.

చల్లదనం గురించి పైన తెగ పొగిడాను కదా, అది చలికాలం మాట. మే నెలలో ఒకసారి 100 ఫారెన్‌హీట్ దాటిన రోజు టాపర్ లోపల పెడితే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, అలాంటి రోజు ఏ లెక్కలూ పనిచెయ్యవు. శబ్దం తక్కువ అన్నాను కొందరితో, తల పక్కన పెట్టుకుని పడుకునేవాళ్ళకి అంత తక్కువేం కాదు. మూత రబ్బరు ఒక మూల లేస్తోంది ఈ మధ్య.

మరి కొనొచ్చా అంటే, రోజూ బండి నడుపుతూ ఊళ్ళు తిరిగేవాళ్ళకి ఏ ఇబ్బందీ రాకపోవచ్చు, పొద్దున్న బ్యాటరీ తగ్గినా దారిలో నిండిపోతుంది. పిల్లలతో స్టేట్ పార్కు క్యాంప్‌గ్రౌండ్‌కి పోయేవాళ్ళయితే పక్క టెంట్ వాళ్ళు జంప్ ఇస్తారు, నిశ్చింతగా కొనండి. నాలాగా సిగ్నల్ లేని చోట ఒకే బండితో పోయి రెండు రోజులు కదలకుండా కూర్చునేవాళ్ళయితే దీని ధరకి ఇంకో మూడొందల డాలర్లు కలుపుకుని ఆలోచించండి, అప్పుడు ఇది చవక ఫ్రిజ్ కాదు. ఎండాకాలం మేం ఎలాగూ ఫ్లాగ్‌స్టాఫ్ వైపు చల్లటి చోటికే పోతాం కాబట్టి జులైలో ఎడారిలో ఎలా ఉంటుందని మాత్రం నన్నడగొద్దు.