ఢిల్లీ నుంచి లేహ్: విమానంలో గంటన్నర, ఆ తర్వాత రెండు రోజులు

ఆకాశమార్గంలో ఢిల్లీకీ లేహ్‌కీ మధ్య దూరం దాదాపు 620 కిలోమీటర్లే. విమానం గంటంపావు నుంచి గంటన్నరలో దించేస్తుంది. మనాలి మీదుగా రోడ్డున వెళ్తే సుమారు 1,000 కిలోమీటర్లు, దారిలో రాత్రుళ్లు ఆగక తప్పదు. సెలవులు తక్కువని మేం విమానమే ఎక్కాం. అమ్మ కూడా వచ్చింది కాబట్టి లేహ్‌లో మొదటి రెండు రోజులూ ఏ ప్రోగ్రామూ పెట్టుకోలేదు. నన్నడిగితే ఆ రెండు రోజుల్నీ ప్రయాణ సమయంలోనే కలిపి లెక్కేసుకోవాలి.

ఎందుకంటే లేహ్ ఊరు దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానం లోపలి గాలి ఒత్తిడి మామూలుగా 2,400 మీటర్ల ఎత్తున ఉండేదానికంటే తగ్గకుండా చూస్తారు. లేహ్ రన్‌వేనేమో 3,200 మీటర్లు దాటిన చోట ఉంది. అంటే విమానం కిందికి దిగుతున్నా, మన శరీరం మాత్రం ఇంకా పైకి వెళ్తున్నట్టే. సముద్రమట్టంతో పోలిస్తే ఇక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మూడో వంతు తక్కువ. నాలుగు మెట్లెక్కేసరికి అమ్మకు ఆయాసం వచ్చింది, సాయంత్రానికి తలనొప్పి. నీళ్లు తాగుతూ పడుకుంటే మర్నాటికి తేలికపడింది. తలనొప్పి పెరుగుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ స్థితిలో లేహ్ కంటే ఇంకా ఎత్తున ఉండే ఖార్‌దుంగ్ లా కనుమ వైపు అస్సలు బయల్దేరకూడదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టర్ని అడగడం మంచిది.

బస విషయానికొస్తే, మెయిన్ బజార్ దగ్గర అన్నీ అందుబాటులో ఉంటాయి గానీ సందడి ఎక్కువ. చాంగ్‌స్పా ప్రశాంతంగా ఉంటుంది, నాకు అదే నచ్చింది. పెద్దవాళ్లుంటే మాత్రం కింది అంతస్తు గది కావాలని ముందే చెప్పండి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లు పొద్దున కాసేపే వచ్చేవి. ఆతిథ్యానికి మాత్రం వంక పెట్టలేం. టాక్సీలకు యూనియన్ రేట్లుంటాయి, కాబట్టి బేరాల టెన్షన్ లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి.

మధ్యాహ్నమయ్యేసరికి గాలులు పెరుగుతాయని లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే నడుస్తాయి. వాతావరణం బాగోలేకపోతే ఆ రోజుకి అంతే. మా తిరుగు విమానం అలాగే రద్దయి, మర్నాడు సీటు దొరికింది. ఢిల్లీలో ఒక రోజు ఖాళీ ఉంచుకున్నాం కాబట్టి హైదరాబాద్ ఫ్లైట్ చేజారలేదు. ఈ రెండు టికెట్లనూ ఒకే రోజుకు తీసుకోవద్దని అందరికీ చెబుతున్నాను.

సెలవు దొరికితే నేనైతే వేసవిలో శ్రీనగర్ నుంచి రోడ్డున వెళ్తాను. దాదాపు 420 కిలోమీటర్లు. రాత్రికి కార్గిల్‌లో ఆగితే అక్కడి ఎత్తు 2,700 మీటర్ల లోపే, శరీరం మెల్లగా అలవాటుపడుతుంది. మనాలి దారిలో సర్చు దగ్గర పడుకోవాలంటే 4,000 మీటర్లు దాటిపోతాం, పెద్దవాళ్లతో నేనా పని చేయను. విమానాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకుంటాను.