వ్యూహ విశ్లేషణ పత్రాన్ని సమీక్షించే ఒక ఆన్‌లైన్ సేవ: నా అనుభవం

ఫిల్మ్, కెమెరాల తయారీకి పేరొందిన కొడాక్ కంపెనీపై వ్యూహ విశ్లేషణ పత్రం రాస్తున్నప్పుడు, చిత్తుప్రతిని చదివి లోపాలు చూపించే ఒక ఆన్‌లైన్ సేవను ఉపయోగించుకున్నాను. పత్రాన్ని వాళ్లే రాసిపెట్టే సేవ కాదిది. అలాంటి సాయం కోరేవారికి ఇది పనికిరాదు, పనికిరాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నా ప్రతిని చదివిన సమీక్షకురాలు మొదటి పేజీలోనే అసలు లోపాన్ని పట్టుకున్నారు. కంపెనీ బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులను చూపే పట్టికలో, బలహీనతల గడిలో నేను రాసిన "డిజిటల్ సాంకేతికతను గుర్తించకపోవడం" అన్న మాట పక్కన, 1975లో డిజిటల్ కెమెరాను తయారుచేసింది ఆ కంపెనీ ఇంజనీరే కదా, మరి గుర్తించలేదని ఎలా అంటారని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నా వాదన దిశ మారింది. సమస్య ముందుచూపు లేకపోవడం కాదని, ఫిల్మ్ అమ్మకాల లాభాన్ని వదులుకోలేకపోవడమేనని, 2012 నాటి దివాలా పిటిషన్ దాకా ఆ కోణంలోనే తిరగరాశాను. ఒక రంగంలో పోటీని నిర్ణయించేవిగా వ్యాపార వ్యూహ నిపుణుడు మైకేల్ పోర్టర్ 1979లో వివరించిన ఐదు శక్తులకూ నేను తలా ఒక పేరా కేటాయించాను. వాటిలో ఒకటైన ప్రత్యామ్నాయ ఉత్పత్తుల ముప్పే ఇక్కడ ప్రధానమైనప్పుడు అన్నింటికీ సమానమైన చోటు ఎందుకని సమీక్షకురాలు అడిగారు; నిజమే.

ఆర్థిక విభాగం పరిశీలన మాత్రం నిరాశపరిచింది. ఒక నిష్పత్తిలో నికర లాభానికి (అన్ని ఖర్చులూ, వడ్డీ, పన్నులూ పోగా మిగిలేది) బదులు నేను పొరపాటున నిర్వహణ లాభాన్ని (వడ్డీ, పన్నులు తీయకముందుది) వాడితే, వాళ్లు గమనించనే లేదు. సమర్పించే ముందు రాత్రి, వార్షిక నివేదికను మళ్లీ తెరిచి వరుస వరుసా పోల్చుకుంటూ నేనే దాన్ని సరిదిద్దుకున్నాను.