వైరింగ్ రీకాల్ వచ్చిందా? ఇప్పుడే వెళ్లడమా, సర్వీసుదాకా ఆగడమా, మన ఎలక్ట్రీషియన్‌తో సరిపెట్టుకోవడమా?

"అన్నా, బండికి రీకాల్ అని మెసేజ్ వచ్చింది. బండేమో బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎలాగూ సర్వీసు ఉంది కదా, అప్పుడు చూపిస్తే పోలా?"

రీకాల్ అంటే, తయారీలో లోపం ఉందేమో చూసి సరిచేస్తామని కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం. ఈ ప్రశ్నకు జవాబు ఫోన్లో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, ఒకసారి తద్దినం భోజనాల పంక్తిలో కూడా చెప్పాను. బ్రేకు రీకాల్ అంటే ఎవరూ ఇలా అడగరు, ఆ సాయంత్రమే పరిగెడతారు. స్టీరింగ్ అన్నా అంతే. ఇంజిన్ దగ్గర వైరు అనేసరికి మాత్రం అందరికీ తేలికైపోతుంది. వైరే కదా, టేపు చుడితే అయిపోతుందనుకుంటారు. పోయిన వారం మా బావమరిది కూడా ఇదే మాట అన్నాడు. వాడి బండి ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. వాడికి చెప్పిందే రాసి పెడితే ఇక మీదట లింకు పంపొచ్చని కూర్చున్నాను.

ఈ రకం రీకాల్స్‌లో మన దేశంలో నాకు బాగా గుర్తున్నది 2023 ఆగస్టులో మహీంద్రా చేసింది. 2021 జూన్ 8 నుంచి 2023 జూన్ 28 మధ్య తయారైన ఎక్స్‌యూవీ 700 బండ్లు 1,08,306. బానెట్ కింద ఇంజిన్ ఉండే చోట వైరింగ్ లూమ్, అంటే వైర్ల కట్ట, వెళ్లే దారిలో ఒరుసుకుని తెగే ప్రమాదం ఉందేమో చూస్తామని, చూసినందుకు గానీ సరిచేసినందుకు గానీ పైసా తీసుకోమని చెప్పింది. అన్ని బండ్లలోనూ వైరు తెగిందని కాదు, తెగే వీలుందని. ఆ 'వీలుంది' అన్న మాటే జనాన్ని నిద్రపుచ్చుతుంది.

అసలు లోపల జరిగేది ఇది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. స్టార్ట్ చేసినా, ఆపినా, క్లచ్ వదిలినా కాస్త ఊగుతుంది. బాడీ దానితో పాటు ఊగదు. వైర్ల కట్టకు ఒక కొస ఇంజిన్ మీద, ఇంకో కొస బాడీ మీద. మధ్యలో ఎక్కడైనా ఒక బ్రాకెట్ అంచుకు ఆనిందా, ఇక ఒరపిడే. చేంతాడు ఒరిసీ ఒరిసీ బావి గట్టు రాయే అరిగిపోతుంది, ప్లాస్టిక్ ఎంత? ముందు పైనున్న గొట్టం, తర్వాత వైరు మీది పూత, ఆఖరున రాగి.

నా దృష్టిలో మొత్తం తేల్చేది ఈ ఒరపిడే. బ్రేకు ప్యాడు అరిగితే కీచుమంటుంది. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. వైరు పూత తొంభై శాతం అరిగినా బండికి తేడా తెలియదు. వార్నింగ్ లైటు వెలగదు, మైలేజీ తగ్గదు, పికప్ పోదు. రాగి బాడీకి తగిలిన క్షణానే తెలుస్తుంది, అప్పటికి మనం ఎక్కడ ఉంటామో చెప్పలేం. తగిలింది సెన్సర్ వైరైతే ఇంజిన్ ఆగిపోవచ్చు. ఇంటి ముందు ఆగితే విసుగు, ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఆగితే సంగతి వేరు. తగిలింది బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబులైతే మంటదాకా పోవచ్చు. అందుకే "బండి బాగానే నడుస్తోంది" అన్నమాట ఇక్కడ చెల్లదు. చెడే ముందు నిమిషం వరకూ అది బాగానే నడుస్తుంది.

"ఫ్యూజు ఉంది కదా" అని ఇంజనీరింగ్ చదివినవాళ్లు అడుగుతారు. ఉంది, అన్నిటికీ లేదు. స్టార్టరుకు వెళ్లే కేబులుకు చాలా బండ్లలో ఫ్యూజే ఉండదు. ఉన్నచోట కూడా, పూర్తిగా షార్ట్ అయితే టప్పున కాలిపోయి కాపాడుతుంది. రాగి అంటీ అంటనట్టు తగులుతూ రవ్వలు రాలుస్తుంటే ఫ్యూజు కాలేంత కరెంటు పోకపోవచ్చు. వేడి మాత్రం అక్కడే పోగవుతుంది, చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న ఆయిలు జిడ్డు.

ఇప్పుడు ఆగడం సంగతి. ఆగేవాళ్లందరూ బద్ధకస్తులు కారు. సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలో ఉండి మనం మండలంలో ఉంటే ఒక రోజు పని, ఆయిలు ఖర్చు పోయినట్టే. అదీగాక లెక్కలు కూడా వాళ్లవైపే ఉన్నట్టు కనిపిస్తాయి. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం మీద 2,36,966 బండ్లకు రీకాల్ ఇచ్చినప్పుడు, భాగం మార్చాల్సి వచ్చేది పది శాతం లోపే ఉంటుందని కంపెనీయే చెప్పింది. అంటే వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమందికి "బాగానే ఉంది, తీసుకెళ్లండి" అనే జవాబు. కానీ ఆ పదోవాడు ఎవరో బండి విప్పకుండా చెప్పే దారి లేదు.

ఆగక తప్పని సందర్భాలూ ఉన్నాయి. 2021 సెప్టెంబరులో మారుతి 1,81,754 పెట్రోలు బండ్లను మోటార్ జనరేటర్ యూనిట్ (మోటారుగానూ జనరేటరుగానూ పనిచేసే ఎలక్ట్రికల్ భాగం) కోసం రీకాల్ చేసింది. భాగాలు మార్చడం నవంబరు మొదటి వారంలో గానీ మొదలవ్వదంది. అప్పటిదాకా నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడపొద్దు, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దు అని జాగ్రత్త చెప్పింది. సెప్టెంబరు హైదరాబాదులో నీళ్లు లేని రోడ్డు వెతుక్కుంటూ నడపడం ఎలాగో ఆ బండ్లవాళ్లనే అడగాలి. అలాంటప్పుడు చేసేదేం లేదు. సామాను సిద్ధంగా ఉండి, స్లాట్ దొరుకుతూ, మనమే ఆగితే అది వేరే లెక్క. నేను పెట్టుకున్న గీత ఇది: పదిహేను రోజుల్లో సర్వీసు ఉంటే రెండూ కలిపి చేయించుకోండి. పైబడితే రీకాల్ కోసమే విడిగా వెళ్లండి. మామూలుగా సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఎడం పది వేల కిలోమీటర్లదాకా ఉంటుంది, వైరు ఒరుసుకోవడానికి అది చాలా దూరం.

ఎలక్ట్రీషియన్ గురించి నేను తేలిగ్గా మాట్లాడలేను. నా పాత డీజిల్ బండి ఒక వానాకాలంలో రెండుసార్లు సిగ్నల్ దగ్గర ఆగింది. సెల్ఫ్ కొడితే మళ్లీ మామూలే. స్కానరు పెట్టినవాళ్లు కోడ్ ఏమీ లేదన్నారు. చివరికి కనిపెట్టింది మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్. బ్యాటరీ ట్రే కింద వైర్ల కట్ట ఒకచోట అద్దంలా నున్నగా అరిగింది, తిప్పి చూస్తే ఎర్రగా రాగి. అతని పనితనం చూస్తే దండం పెట్టాలనిపించింది. అయితే ఆ ఒక్క చోటు దొరకడానికి అతనికి నాలుగు గంటలు పట్టింది. రీకాల్‌లో ఆ చోటు ఎక్కడో కంపెనీకి ముందే తెలుసు, బ్రాకెట్ పేరుతో సహా సర్వీస్ సెంటర్ కాగితంలో ఉంటుంది. మనవాడికి ఆ కాగితం రాదు. పైగా అతను ఎంత చక్కగా చుట్టినా, కంపెనీ కంప్యూటర్లో మీ చాసిస్ నంబరు ఎదురుగా రీకాల్ పెండింగ్ అనే ఉంటుంది. వారంటీలో ఉన్న బండికి వైరు కోసి జాయింటు వేయించారో, రేపు వాళ్లకు చేజేతులా సాకు ఇచ్చినట్టే.

అమ్మేయడం, పట్టించుకోకపోవడం అనేవి కూడా కొందరు అడిగారు. మొదటిది మన కష్టాన్ని ఇంకొకరికి అంటగట్టడం, రెండోదాని గురించి పైన చెప్పాను.

సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ఒక్కటి చూసుకోండి. జాబ్ కార్డులో రీకాల్ పని విడిగా రాయించండి. వాటర్ వాష్ చేసి "చూశాం సార్, ఓకే" అని తాళం చేతికిస్తే ఊరుకోకుండా, ఎక్కడ చూశారో బానెట్ ఎత్తి చూపించమనండి. చూపించలేకపోతే చూడలేదని అర్థం. ఫోటో తీసుకోండి. ఈలోగా కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి దిగిపోండి. పొగ వస్తుంటే మాత్రం బానెట్ ఎత్తకండి, గాలి తగిలి మంట ఎగస్తుంది.

2023 రీకాల్ నాటి బండ్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో బాగా తిరుగుతున్నాయి. మెసేజ్ పోయేది కంపెనీ దగ్గరున్న నంబరుకు, అది చాలాసార్లు మొదటి యజమానిదే. కొన్నవాడికి సంగతే తెలియదు. ఆర్‌సీ మీద చాసిస్ నంబరు ఉంటుంది, అది చెప్పి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఏదైనా సరే, అక్కడ అడిగితే రీకాల్ అయిందో లేదో చెబుతారు. బేరం మొదలుపెట్టకముందే అడగండి.

మా బావమరిది బండికి తర్వాతి సర్వీసు ఇంకా ఆరు వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. గురువారం పొద్దున తొమ్మిదింటి స్లాట్ తీసుకున్నాడు. అంతకుముందు రోజు కొత్త హారన్ బిగించుకుంటానని ఎలక్ట్రీషియన్‌కు మాటిచ్చాడట. దాన్ని శుక్రవారానికి మార్పించాను.