పాత అమెరికన్ చెక్క ఫ్లూట్లు చూడాలంటే ముందు వాషింగ్టన్

అమెరికాలో తొలినాళ్లలో చేసిన చెక్క ఫ్లూట్లు, క్లారినెట్లు చూడాలని ఉంటే న్యూయార్క్ కంటే ముందు వాషింగ్టన్ వెళ్లండి. అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో డేటన్ మిల్లర్ సేకరణ ఉంది. ఆయన క్లీవ్‌లాండ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్, 1941లో పోయారు, జీవితమంతా కూడబెట్టిన దాదాపు 1,700 వాయిద్యాలు లైబ్రరీకి రాసిచ్చారు. అందరూ అడిగేది 1813లో పారిస్‌లో చేసిన, ప్రెసిడెంట్ మాడిసన్‌ గాజు ఫ్లూట్ గురించే. నా మనసు మాత్రం న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ రైలీ చేసిన, బాక్స్‌వుడ్ అనే గట్టి కర్ర ఫ్లూట్ దగ్గరే ఆగిపోయింది. తేనె రంగు కర్ర, అతుకుల దగ్గర దంతపు ఉంగరాలు, వేళ్లు ఆనేచోట అరిగి నున్నబడిన రంధ్రాలు. రంధ్రాన్ని మూసే ఇత్తడి మీటను పట్టుకునే దిమ్మ విడిగా అతికించింది కాదు, కర్రను లేత్ మీద తిప్పేటప్పుడే అక్కడ ఉబ్బు వదిలేసి తర్వాత చెక్కుతారు. ఏటికొప్పాకలో బొమ్మలు చేయడం చూసినవాళ్లకి ఆ చేతిపని ఎంత కష్టమో ఇట్టే తెలుస్తుంది.

దగ్గరగా చూడాలంటే చాలా ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, రీడర్ కార్డు ఉచితం, పాస్‌పోర్టో లైసెన్సో ఉంటే చాలు. సిబ్బంది ఓపిగ్గా మాట్లాడారు.

బస వాషింగ్టన్‌కి నది అవతల ఉన్న ఆర్లింగ్టన్‌లో చూసుకోండి, అక్కడి రాస్లిన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే లైబ్రరీ దగ్గరి కాపిటల్ సౌత్‌లో దిగొచ్చు, రైలు మారే పని లేదు. మేము మొదటి రాత్రి డౌన్‌టౌన్‌లో ఒక హోటల్‌లో దిగాం, గది ఇరుకు, పైగా బుకింగ్‌లో ఎక్కడా కనిపించని పార్కింగ్ చార్జీ బిల్లులో వేశారు, అడిగితే సరైన జవాబు లేదు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ (మెట్) మ్యూజియంలో వాయిద్యాల గదులు చాలా బాగుంటాయి, కానీ ప్రపంచం నలుమూలల వాయిద్యాలూ అక్కడే ఉన్నాయి కాబట్టి అమెరికన్ చెక్క వాయిద్యాల కోసమే అయితే తృప్తి ఉండదు, అన్నీ అద్దాల వెనకే. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లు తోచినంత ఇచ్చి టికెట్ తీసుకోవచ్చు.

కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ కూడా వెళ్లాం. ఆసా హాప్‌కిన్స్ అక్కడ నది నీటి బలంతో లేత్‌లు తిప్పి ఫ్లూట్లు చేయించేవాడు, ఆ చోటికి ఫ్లూట్‌విల్ అనే పేరే వచ్చింది. తర్వాత అది ఫర్త్, హాల్ అండ్ పాండ్ కంపెనీ చేతికి వెళ్లింది, ఆ ఫర్త్, హాల్ ఇద్దరూ పైన చెప్పిన రైలీ అల్లుళ్లే! ఊరు, కొండలు అందంగా ఉన్నాయి గానీ ఫ్యాక్టరీ ఆనవాలు మాకేమీ కనబడలేదు, ఆకులు రంగు మారే రోజుల్లో అటు వెళ్తుంటే ఆగండి, దానికోసమే డ్రైవ్ చేయొద్దు.

మిల్లర్ సేకరణ ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వెళ్లే ముందే నచ్చినవాటి నంబర్లు రాసుకుని అడిగితే పని తొందరగా అవుతుంది.