కార్డ్ సీక్వెన్సర్‌లో వేర్వేరు పొడవుల వరుసలు: చాలాకాలం వాడాక

నేను వాడే కార్డ్ సీక్వెన్సర్ సంగీత సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే ఒక ప్లగిన్; కార్డ్‌లను, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులను, వరుసగా వాయించి పెడుతుంది. ఈ ప్లగిన్‌లో ఎన్ని కార్డ్‌లు అమర్చవచ్చో, ఎన్ని ప్రీసెట్‌లు (ముందే చేసి ఇచ్చిన అమరికలు) వస్తాయో తెలిసినదే కనుక వాటి జోలికి పోను. కార్డ్‌లకు, లయకు, వెలాసిటీకి (స్వరం ఎంత గట్టిగా మోగాలో చెప్పే విలువకు) మూడు వేర్వేరు వరుసలు ఉండటం, ఒక్కోదానికి మనకు కావలసిన పొడవు పెట్టుకోగలగటం, ఈ ఒక్క సదుపాయం కోసమే నేను దీన్ని ఇంతకాలం విడవకుండా వాడుతున్నాను.

లయ వరుసను ఒక బార్‌కు, అంటే ఒక తాళ ఆవర్తనానికి, సరిపడే 16 స్టెప్పుల (సమానమైన కాల భాగాల) వద్దే ఉంచి, వెలాసిటీ వరుసను 5 స్టెప్పులకు కుదించి, అందులో మొదటిదానికి 100, తక్కిన నాలుగింటికి 45 దరిదాపుల్లో విలువలు ఇస్తే, ఊనిక (గట్టిగా పడే దెబ్బ) ప్రతి బార్‌లోనూ ఒక్కో స్టెప్పు చొప్పున జరుగుతూ పోతుంది. 80 స్టెప్పులు, అంటే 5 బార్‌లు పూర్తయితే గాని మొదటి అమరిక తిరిగి రాదు. చతురశ్రంలో సాగే తాళం మీద ఐదేసి అక్షరాల జతులు నడిపి సమం దగ్గర కలిపినట్లుగా ఉండే ఈ నడక, కార్డ్ బార్‌కు ఒక్కసారే మారుతున్నా, వినేవారికి విసుగు రానివ్వదు. గేట్‌ను, అంటే స్వరం మోగే వ్యవధిని, స్టెప్పులో సగానికి తగ్గించి ఎలక్ట్రిక్ పియానో మీద విన్నప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఇదే సదుపాయం ఒక పాటలో నన్ను గట్టిగా ఇబ్బంది పెట్టింది. గిటార్ వాయించిన మిత్రుడు ఈ ఊనికలను జాగ్రత్తగా విని, వాటి మధ్య ఖాళీల్లో తన దెబ్బలు పడేలా రికార్డ్ చేసి ఇచ్చారు. తర్వాత 9వ బార్ నుంచి ఒక కార్డ్ మార్చవలసి వచ్చి, ఆ భాగాన్ని మాత్రమే తిరిగి ఎగుమతి చేసి పాత మిక్స్‌లో పెట్టేసరికి, గిటార్, పియానో రెండూ ఒకదాని మీద ఒకటి పడసాగాయి. పాట మొదటి నుంచి నడిస్తే 8 బార్‌లకు 128 స్టెప్పులు గడిచి, వెలాసిటీ వరుస 9వ బార్‌ను తన నాలుగో స్టెప్పుతో అందుకోవాలి. కానీ ఈ ప్లగిన్ పాటలో మనం ఎక్కడున్నామో పట్టించుకోకుండా, ప్లే నొక్కిన చోటునే ఆరంభంగా తీసుకుని మొదటి స్టెప్పు నుంచి లెక్క మొదలుపెడుతుంది. పాటలోని స్థానాన్ని హోస్ట్ సాఫ్ట్‌వేర్ (ప్లగిన్‌లను తనలో నడిపే ప్రధాన ప్రోగ్రామ్) ప్లగిన్‌లకు ఎప్పటికప్పుడు అందిస్తూనే ఉంటుంది కనుక, దాన్ని వాడుకోకపోవటం నాకు ఏమాత్రం మింగుడుపడలేదు. ముందటి కార్డ్‌కు దగ్గరి స్వరాలను తానే ఎంచుకునే సదుపాయాన్ని నేను మొదట్లో చాలా మెచ్చుకున్నాను గాని, మధ్యలో మొదలుపెడితే ముందటి కార్డ్ అంటూ ఉండదు కనుక అక్కడా ఇదే తేడా వస్తుంది.

ప్రతి 8 బార్‌లకు రీసెట్ (వరుసలు మళ్లీ మొదటి స్టెప్పుకు రావటం) పెడితే ఈ చిక్కు పోతుంది, కానీ ఒక చరణానికీ మరో చరణానికీ ఊనికలు మారే అందం కూడా దానితోపాటే పోతుంది. అందుకే నేను పాటను మొదటి నుంచి చివరి వరకు ఒకసారి నడిపి, ప్లగిన్ పంపే మిడిని (ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా మోగాలన్న సమాచారాన్ని) వేరే ట్రాక్‌లో రికార్డ్ చేసుకుని, మార్పులన్నీ ఆ నోట్స్‌లోనే చేస్తున్నాను.

నేను వాయిద్యకారుల చేత విడివిడిగా రికార్డ్ చేయించి, భాగాలు భాగాలుగా మార్పులు చేసే పద్ధతిలో పనిచేస్తాను కనుక ఈ లోపం నాకు ఇంత బరువుగా తోచి ఉండవచ్చు. పాటంతా కంప్యూటర్‌లోనే కట్టి, ఒకే విడతలో ఎగుమతి చేసేవారికి ఇది బహుశా ఎదురుకాకపోవచ్చు. వారు ముందుగా 5, 7 స్టెప్పుల పొడవులతో వెలాసిటీ వరుసను ప్రయత్నించి చూడాలని నా కోరిక.